ఒకే తలలో రెండు అన్యూరిజంలు: ఒకదానికి క్లిప్, ఇంకోదానికి కాయిల్ ఎందుకు వేశాం

పేషెంట్ వయసు 54. సత్తెనపల్లి వైపు పల్లెటూరు, సీజన్‌లో గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి వస్తుంటారు. బీపీ ఉందని కొన్నేళ్ళ కిందే చెప్పారంట, మాత్ర మాత్రం తలనొప్పి వచ్చిన రోజే వేసుకునేవారు. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

ఓపీలో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది, "తల తెరిచి చేసేది మంచిదా, తొడ దగ్గర్నుంచి తీగ పంపి చేసేది మంచిదా" అని. జూనియర్ డాక్టర్లు కూడా ఇదే అడుగుతారు, కాకపోతే క్లిప్పింగా కాయిలింగా అంటారు. అన్యూరిజం అంటే రక్తనాళం గోడ పలచబడి బుడగలా ఉబ్బడం. క్లిప్పింగ్ అంటే తల తెరిచి ఆ ఉబ్బు మూతిని లోహపు క్లిప్‌తో బయటినుంచి మూయడం, కాయిలింగ్ అంటే నాళంలోంచి వెళ్ళి ఉబ్బు లోపల సన్నటి లోహపు తీగ చుట్టలు నింపడం. నాకు తెలిసినంతలో దీనికి ఒక్క జవాబు లేదు, అన్యూరిజం ఎక్కడుంది, దాని మూతి ఎంత వెడల్పు, పక్కన ఏ రక్తనాళం పోతోంది, పగిలిందా లేదా, వీటిని బట్టి జవాబు మారిపోతుంది. ఈవిడ తలలో రెండు అన్యూరిజంలు ఉన్నాయి. ఒకదానికి తల తెరిచాం, రెండోది తెరవకుండా మూశాం. ఆ రెండు నిర్ణయాలు అటుది ఇటు అయ్యుంటే రెండూ తప్పయ్యేవని నా గట్టి అభిప్రాయం, అందుకే ఈ కేసు వివరంగా రాయాలనిపించింది.

పనిలో ఉండగానే ఉన్నట్టుండి తల పట్టుకుని కూర్చుండిపోయారు. పక్కన పనిచేసే ఆడవాళ్ళు చెప్పిన దాన్నిబట్టి "అక్కా, తల పగిలిపోతోంది" అని అరిచి, వాంతి చేసుకుని పక్కకి ఒరిగిపోయారు, కొన్ని నిమిషాలు స్పృహ లేదు. ఎండకీ మిరప ఘాటుకీ కళ్ళు తిరిగాయేమో అనుకుని మొహాన నీళ్ళు చల్లారు, దగ్గర్లోనే ఒకచోట చూపిస్తే బీపీ 190/110 ఉందని ఇంజెక్షన్ చేసి పడుకోబెట్టారు. సాయంత్రానికి ఎడమ చెయ్యి లేపలేకపోతుంటే అప్పుడు 108కి ఫోన్ చేశారు. మేం గుచ్చి గుచ్చి అడిగితే తెలిసింది ఏంటంటే, అంతకు మూడు రోజుల ముందు కూడా ఇలాగే క్షణంలో మొదలైన పెద్ద తలనొప్పి వచ్చి ఒక పూట ఉండి తగ్గిందంట, గ్యాస్ అనుకుని సోడా తాగి పనికి పోయారు.

దాన్ని మేం సెంటినల్ హెడేక్ అంటాం, పెద్దగా పగలడానికి ముందు కొద్దిగా లీక్ అవ్వడం. అందరికీ రాదు. వచ్చినప్పుడు మాత్రం అది దొరికిన అవకాశం, ఎందుకంటే అప్పటికి మనిషి మామూలుగా నడుస్తూ మాట్లాడుతూ ఉంటారు. "జీవితంలో ఇలాంటి తలనొప్పి ఎప్పుడూ రాలేదు, ఒక్క క్షణంలో మొదలైంది" అని ఎవరైనా అంటే బీపీ ఎంతున్నా సరే ముందు సిటీ స్కాన్ తీయించండి. నొప్పి మొదలైన ఆరు గంటల్లోపు మంచి మెషీన్ మీద తీసిన స్కాన్‌లో రక్తం తప్పిపోవడం చాలా అరుదు. రోజులు గడిచేకొద్దీ రక్తం పలచబడిపోయి స్కాన్ నార్మల్‌గా కనపడొచ్చు, అప్పుడు వెన్నులోంచి నీరు తీసి చూడాల్సి వస్తుంది. బీపీ పెరగడం వల్ల తలనొప్పి వచ్చిందా, తలలో రక్తస్రావం అయింది కాబట్టి బీపీ పెరిగిందా అన్నది బీపీ మెషీన్ చెప్పలేదు.

క్యాజువాలిటీలో చూసేసరికి పిలిస్తే కళ్ళు తెరుస్తున్నారు, మాట తికమకగా ఉంది, కుడి చేత్తో చెప్పింది చేస్తున్నారు, ఎడమ చెయ్యి మంచం మీంచి కష్టం మీద లేస్తోంది. స్పృహని కొలిచే జీసీఎస్ స్కోరు 15కి 13, చెయ్యి బలహీనత ఉంది కాబట్టి రక్తస్రావం తీవ్రతని ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే డబ్ల్యూఎఫ్ఎన్ఎస్ గ్రేడ్ 3. సిటీలో సబ్‌అరాక్నాయిడ్ హెమరేజ్, మెదడు మీది పొరల కింద రక్తం పరుచుకుని ఉంది, అన్నిటికంటే మందంగా కుడివైపు సిల్వియన్ ఫిషర్‌లో, అంటే మెదడు పక్కనుండే లోతైన మడతలో ఉంది, దాన్ని ఆనుకుని కణత దగ్గరి టెంపోరల్ లోబ్‌లో పెద్ద రక్తపు గడ్డ, మెదడు మధ్యగీత ఎడమకి జరిగింది. వెంటనే రక్తనాళాలు చూపించే సిటీ యాంజియో చేశాం. కుడి మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ రెండుగా చీలే చోట 8 మిల్లీమీటర్ల అన్యూరిజం, మూతి 5 మిల్లీమీటర్లు, కింది కొమ్మ సరిగ్గా ఆ మూతి అంచు నుంచే బయలుదేరుతోంది. ఇంకోటి మెదడు కాండం ముందు నుంచి పైకి పోయే బేసిలార్ ఆర్టరీ కొసన, 7 మిల్లీమీటర్లు, మూతి సన్నంగా 3 మిల్లీమీటర్లు.

అన్యూరిజం ఉన్నవాళ్ళలో ఐదుగురిలో ఒకరికి దాకా ఇలా ఒకటి కంటే ఎక్కువే ఉంటాయి, కాబట్టి ఒకటి కనపడగానే వెతకడం ఆపకూడదు. పగిలింది ఏదో తేల్చడం ఇక్కడ తేలికే అయింది, గడ్డ సిల్వియన్ ఫిషర్ పక్కనే ఉంది, ఎడమ చెయ్యి పడింది. బేసిలార్ పగిలుంటే రక్తం మెదడు కాండం ముందు నిండాలి, అక్కడ పలచగా మాత్రమే ఉంది.

ఇంటివాళ్ళతో మాట్లాడిన సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. భర్త, తమ్ముడు ఆస్పత్రిలో ఉన్నారు, కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వీడియో కాల్‌లోకి వచ్చాడు. భర్తకి అర్థమయ్యేలా సైకిల్ ట్యూబు పలచబడిన చోట బుడగలా ఉబ్బుతుంది చూడండి, రక్తనాళం అలా ఉబ్బి పగిలింది, ఇప్పటికి గడ్డకట్టి ఆగింది కానీ మళ్ళీ పగలొచ్చు, అలా పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ, రెండోసారి పగిలితే చాలామంది దక్కరు అని చెప్పాను. ఆయన తలూపి "మీరెలా అంటే అలా సార్" అన్నారు. కొడుకు మాత్రం ప్రయాణానికి టికెట్ చూసుకుంటూనే నెట్‌లో చదివినట్టున్నాడు. "సార్, కాయిలింగ్ బెటర్ అని పెద్ద స్టడీ ఉంది కదా, అమ్మ తల తెరవకుండా అది చేయలేమా?"

అడగాల్సిన ప్రశ్నే అది. అతను చెప్పిన స్టడీ పేరు ఐశాట్, 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో మొదట వచ్చింది, అందరి ఏడాది లెక్కలు 2005లో అదే పత్రికలో వచ్చాయి. పగిలిన అన్యూరిజం ఉన్న 2143 మందిని లాటరీ పద్ధతిలో రెండు గ్రూపులు చేసి ఒక గ్రూపుకి క్లిప్, ఇంకో గ్రూపుకి కాయిల్ చేశారు. ఏడాది తర్వాత చూస్తే చనిపోయినవాళ్ళు, సొంతంగా పనులు చేసుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళు కలిపి కాయిల్ గ్రూపులో 23.5 శాతం, క్లిప్ గ్రూపులో 30.9 శాతం. నూటికి ఏడుగురి తేడా, చిన్నది కాదు. దాని తర్వాతే ప్రపంచమంతా కాయిల్ వైపు మొగ్గింది, అది న్యాయమే కూడా. అమెరికాలో ఫీనిక్స్‌లో చేసిన బ్రాట్ అనే స్టడీలో కూడా మొదటి ఏడాది కాయిల్‌దే పైచేయి అయింది, ఏళ్ళు గడిచేకొద్దీ మెదడు ముందు భాగపు రక్తనాళాల్లో ఆ తేడా చెరిగిపోయింది, వెనక భాగంలో మాత్రం కాయిల్‌కే మంచి ఫలితాలు నిలిచాయి.

కానీ ఐశాట్‌లో చేర్చుకోవడానికి ఒక షరతు ఉంది. సర్జను, కాయిల్ వేసే డాక్టరు ఇద్దరూ ఒకే పేషెంట్ ఫిల్మ్ చూసి "దీనికి ఏదైనా చేయొచ్చు" అనుకుంటేనే లాటరీలోకి వెళ్తారు. మొత్తం 9559 మందిని పరిశీలిస్తే అందులోంచి అలా చేరింది 2143 మందే. చేరినవాళ్ళలో ఎక్కువమంది స్పృహలో ఉన్న మంచి గ్రేడ్ పేషెంట్లు, మిడిల్ సెరిబ్రల్ అన్యూరిజంలు తక్కువ. అంటే ఆ 23.5, 30.9 అనే అంకెలు రెండు దారులూ తెరిచి ఉన్న అన్యూరిజంల గురించి చెప్తాయి, ఒక దారి ముందే మూసుకుపోయిన అన్యూరిజం గురించి చెప్పవు.

ఈవిడది అలా మూసుకుపోయిన కేసు. తలలో గడ్డ మెదడుని నెడుతోంది, కాయిల్ వేసినా ఆ గడ్డ అక్కడే ఉంటుంది, దానికోసం ఎలాగూ తల తెరవాలి. మూతి వెడల్పు, కాయిల్ చుట్టలు లోపల నిలవకుండా నాళంలోకి జారొచ్చు, జారకుండా ఆపాలంటే స్టెంట్ పెట్టాలి, స్టెంట్ పెడితే ఆస్పిరిన్‌తో పాటు ఇంకో రక్తం పలచబరిచే మందు వాడాలి, రక్తస్రావమై రేపో మాపో సర్జరీ అవసరమయ్యే మెదడుకి ఆ రెండు మందులు ఇవ్వడం అంటే చాలా ప్రమాదం. పైగా కింది కొమ్మ మూతి అంచు మీదే ఉంది, కాయిల్ అక్కడ నొక్కుకుంటే ఆ కొమ్మకి రక్తం ఆగి స్ట్రోక్ రావచ్చు. మా దగ్గర కాయిలింగ్ చేసే న్యూరో ఇంటర్వెన్షన్ డాక్టర్‌ని కూడా కాల్‌లోకి తీసుకున్నాను, ఆయనే కొడుకుతో "బాబూ, ఇది నా పని కాదు, సర్జరీదే" అన్నారు. ఈ మాట నేను చెప్పడం వేరు, కాయిల్ వేసే మనిషి చెప్పడం వేరు. రెండు పద్ధతులు తెలిసిన ఇద్దరూ కలిసి కూర్చుని చెప్తేనే ఇంటివాళ్ళకి నమ్మకం కుదురుతుంది, ఒక్కరే చెప్తే తనకి వచ్చిందే చెప్తున్నాడేమో అని అనుమానం ఉంటుంది, ఆ అనుమానం తప్పు కూడా కాదు. ఎన్టీఆర్ వైద్య సేవ అప్రూవల్ పనులు ఒకవైపు నడుస్తుండగానే ఆ రాత్రే థియేటర్‌కి తీసుకెళ్ళాం.

సర్జరీలో కుడివైపు కణత ముందు ఎముక తీసి మెదడు మీది గట్టి పొర డ్యూరా తెరవగానే మెదడు బయటికి ఉబికింది. మెదడు వాపు తగ్గించే మానిటాల్ అప్పటికే ఇచ్చాం, అయినా బిగుతుగానే ఉంది. ముందు టెంపోరల్ గడ్డలో కొంత తీశాం, కొంతే, అన్యూరిజంని ఆనుకున్న భాగం ముట్టుకోలేదు, ఎందుకంటే పగిలిన చోటుని మూసి ఉంచింది ఆ గడ్డే. అంత తీయగానే మెదడు వదులైంది. అక్కడ్నుంచి మైక్రోస్కోప్ కింద సిల్వియన్ ఫిషర్ విప్పుకుంటూ వెళ్ళి, అన్యూరిజం జోలికి పోకుండా ముందు దాని వెనకున్న ఎం1 నాళం, అంటే మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ మొదటి భాగం, దొరకబుచ్చుకున్నాం. మధ్యలో పగిలితే అక్కడ తాత్కాలిక క్లిప్ వేసి రక్తం ఆపాలి కాబట్టి ఆ చోటు చేతిలో ఉన్నాకే మిగతా పని.

మూతి చుట్టూ విడదీస్తుంటే కింది కొమ్మ అన్యూరిజం గోడకి అతుక్కుని ఉంది, సిటీ యాంజియోలో ఇంత దగ్గరగా కనపడలేదు. ఎనస్తటిస్ట్‌కి చెప్పి బీపీ కొంచెం పెంచమని, ఎం1 మీద తాత్కాలిక క్లిప్ పెట్టి, కొద్ది నిమిషాలు విడదీయడం, క్లిప్ తీసి మెదడుకి రక్తం పోనివ్వడం, మళ్ళీ పెట్టడం. ఉబ్బు మెత్తబడింది. వంపు తిరిగిన టైటానియం క్లిప్ మూతి మీద మూశాం, కంటికి అంతా బాగుంది. అప్పుడు ఐసీజీ డై సిరలోకి ఇస్తే మైక్రోస్కోప్‌లో నాళాలు తెల్లగా వెలుగుతాయి, అన్యూరిజం నల్లగానే ఉండిపోయింది, అది కావాల్సిందే, కానీ కింది కొమ్మ ఆలస్యంగా, మసకగా వెలిగింది. క్లిప్ కొస కొమ్మ మొదట్లో కొద్దిగా నొక్కుతోంది. క్లిప్ తెరిచి, కోణం మార్చి, అర మిల్లీమీటరు పైకి వేశాం. రెండోసారి డై ఇస్తే రెండు కొమ్మలూ ఒకేసారి వెలిగాయి, రక్తం పారే శబ్దం వినిపించే డాప్లర్‌లో కూడా శబ్దం బాగా వచ్చింది. ఆ తర్వాతే ఉబ్బుని సూదితో గుచ్చి ఖాళీ చేసి, మిగిలిన గడ్డ తీశాం. క్లిప్పింగ్‌లో నాకు నచ్చే విషయం ఇదే, నాళం కళ్ళ ముందే ఉంటుంది, తేడా ఉంటే అక్కడికక్కడే సరిచేయొచ్చు.

పగిలిన అన్యూరిజం మూసేస్తే సగం పనే అయినట్టు. మిగతా సగం ఐసీయూలో. రక్తస్రావం తర్వాత మెదడుకి రక్తం తగ్గి దెబ్బతినకుండా ఇచ్చే నిమోడిపిన్ 60 మిల్లీగ్రాములు నాలుగు గంటలకోసారి, 21 రోజులు, రాత్రి నిద్రలేపి మరీ ఇవ్వాలి, సిస్టర్లకి దాని విలువ తెలిస్తేనే ఆ డోసులు తప్పవు. నాలుగో రోజు నుంచి రెండు వారాల వరకు మెదడు నాళాలు ముడుచుకుపోయే వేసోస్పాజం భయం ఉంటుంది, క్లిప్ చేసినా కాయిల్ చేసినా ఇది తప్పదు, ఈ సంగతి ఇంటివాళ్ళకి సర్జరీకి ముందే చెప్పాలి. లేకపోతే "ఆపరేషన్ సక్సెస్ అన్నారు కదా, మళ్ళీ ఎందుకిలా" అని కుంగిపోతారు.

ఎనిమిదో రోజు మత్తుగా అయ్యారు, కోలుకుంటున్న ఎడమ చెయ్యి మళ్ళీ బలహీనపడింది. సోడియం కూడా పడిపోయి ఉంది, అది సరిచేశాం, అయినా చెయ్యి రాలేదు. మామూలుగా అయితే బీపీ మందులతో పెంచి మెదడుకి రక్తం నెడతాం, కానీ ఇక్కడ బేసిలార్ కొసన మూయని అన్యూరిజం ఇంకోటి కూర్చుని ఉంది. పగలని దాని మీద బీపీ పెంచడం వల్ల అది పగిలే సందర్భాలు తక్కువే, స్పాజం వల్ల స్ట్రోక్ వచ్చే ప్రమాదం మాత్రం కళ్ళ ముందే ఉంది, అందుకే పెంచాం, కానీ ఒక హద్దు పెట్టుకుని. దాంతో పాటు క్యాథ్ ల్యాబ్‌కి తీసుకెళ్ళి నాళంలోకే నేరుగా మందు ఇచ్చారు మా ఇంటర్వెన్షన్ డాక్టర్. సాయంత్రానికి చెయ్యి కదిలింది. అదే యాంజియోలో క్లిప్ చేసినది పూర్తిగా మూసుకుందని రుజువైంది, బేసిలార్ అన్యూరిజం త్రీడీలో స్పష్టంగా దొరికింది.

ఎలాగూ క్యాథ్ ల్యాబ్‌లోనే ఉన్నాం కదా, రెండోది కూడా అప్పుడే మూసేయొచ్చుగా అని మా పీజీ అడిగింది. కాయిల్ వేయాలంటే రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇవ్వాలి, తల కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి, నాళాలు ముడుచుకుని ఉన్నాయి, పైగా అది పగలలేదు. ఆగడమే మంచిదనిపించింది. అలాగని వదిలేయడం కాదు. పగలని అన్యూరిజంల మీద 2003లో వచ్చిన ఐసూయా స్టడీలో మెదడు వెనక భాగపు నాళాల్లో (బేసిలార్ వీటిలోదే) 7 నుంచి 12 మిల్లీమీటర్లవి ఐదేళ్ళలో పగిలే ప్రమాదం 14.5 శాతం అని తేలింది, ముందు భాగంలో అదే సైజుకి 2.6 శాతమే. 54 ఏళ్ళ మనిషి, ఒకటి ఆల్రెడీ పగిలింది, బీపీ ఉంది. మూయాల్సిందే, కొన్ని వారాలు ఆగి.

దీనికి మాత్రం తల తెరిచే ఆలోచనే చేయలేదు. బేసిలార్ కొస మెదడు అడుగున లోతుగా ఉంటుంది, దాని వెనకనుంచి థాలమస్‌కి పోయే వెంట్రుక మందం నాళాలు క్లిప్ కింద ఒక్కటి పడినా మనిషి మెలకువే దెబ్బతింటుంది. అమెరికా సర్జన్ వాల్టర్ డాండీ 1937లో మొదటిసారి అన్యూరిజం మూతికి క్లిప్ పెట్టిన దగ్గర్నుంచి ఈ చోటు సర్జన్లని పరీక్షిస్తూనే ఉంది, 1990లో గుగ్లియెల్మి విడదీసే ప్లాటినం కాయిల్ పేషెంట్లలో వాడడం మొదలయ్యాక ఎక్కువ మేలు జరిగింది ఇలాంటి చోట్లకే. మూతి సన్నం కాబట్టి స్టెంట్ అవసరం లేదు, జోడు మందులూ అవసరం లేదు.

రెండు నెలల తర్వాత నడుచుకుంటూ వచ్చి చేరారు. పూర్తి మత్తు ఇచ్చి, కుడి తొడ నాళంలోంచి మెడలోని వెర్టిబ్రల్ నాళం ద్వారా బేసిలార్ దాకా సన్నటి మైక్రోక్యాథెటర్ పంపి, మొదట ఆకారం పట్టే కాయిల్, దాని లోపల చిన్నవి ఒకదాని తర్వాత ఒకటి నింపారు. కొడుకు ఈసారి కన్సోల్ రూమ్ బయటే ఉన్నాడు, "ఇది చిన్న ప్రొసీజర్ కదా సార్" అన్నాడు, కాదు బాబూ, లోపల పగిలినా, గడ్డ కట్టి పక్క నాళం మూసుకున్నా క్షణాల్లో ప్రాణం మీదికి వస్తుంది, కోత చిన్నదంతే అని చెప్పాను. బాగానే జరిగింది, మూతి దగ్గర కొంచెం మిగిలింది, ఇంకా నింపితే పక్క నాళంలోకి పొడుచుకొస్తుందని అక్కడ ఆపారు. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపాం.

ఖర్చు గురించి ఒక మాట. సర్జరీకి క్లిప్ ఒకటో రెండో పడుతుంది, కాయిల్స్ ఎన్ని పడతాయో ముందే చెప్పలేం, స్టెంటో, రక్తాన్ని ఉబ్బులోకి పోకుండా మళ్ళించే ఫ్లో డైవర్టర్ అనే జాలీ గొట్టమో కావాల్సి వస్తే బిల్లు ఒక్కసారిగా మారిపోతుంది. ఇంకోటి, కాయిల్ వేశాక యాంజియోలకి తిరగాలి, కాయిల్స్ కాలంతో పాటు కుదించుకుపోయి మూతి మళ్ళీ తెరుచుకోవచ్చు. క్లిప్ సరిగ్గా పడితే మళ్ళీ చేయాల్సిన అవసరం చాలా తక్కువ. మళ్ళీ రాలేని మనిషికి, వచ్చే తోడు లేని మనిషికి రెండు దారులూ తెరిచి ఉన్న కేసులో నేను ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకుంటాను. ఈవిడ విషయంలో కొడుకు తేదీలు ఫోన్‌లో పెట్టుకున్నాడు, ఆరు నెలలకి తీసుకొచ్చాడు, మూతి దగ్గరి ఆ మిగులు పెరగలేదు. మళ్ళీ ఏడాదికి రమ్మన్నాం. ఎంఆర్‌ఐ ఎప్పుడైనా అవసరమైతే తలలో టైటానియం క్లిప్, ప్లాటినం కాయిల్స్ ఉన్నాయని ఆ వివరాలు రాసిన కార్డు చూపించాలి, రెండూ ఎంఆర్‌ఐకి పనికొచ్చేవే కానీ కంపెనీ, మోడల్ చూడకుండా స్కాన్ వాళ్ళు లోపలికి పంపరు.

ఇప్పుడు ఎడమ చేతి వేళ్ళు కొంచెం మొద్దుగా ఉన్నాయి, జాకెట్టు హుక్స్ పెట్టుకోవడం లేటవుతుంది, మిగతా పనులన్నీ సొంతంగా చేసుకుంటున్నారు. తొడిమలు తీసే పనికి ఎప్పుడు పోవచ్చని అడిగారు, వేళ్ళ వ్యాయామం ఇంకొన్నాళ్ళు చేసి, బీపీ వరుసగా అదుపులో కనపడితే పొమ్మన్నాను. బీపీ మాత్ర మానేస్తే ఈ రెండు చికిత్సల్లో ఏదీ కాపాడదని భర్త ముందే చెప్పాను.

పోయిన విజిట్‌లో తమ్ముడు అడిగాడు, "అక్కకి వచ్చింది కదా సార్, నేను కూడా స్కాన్ తీయించుకోవాలా" అని. ఇంట్లో తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఇద్దరికి అంతకంటే ఎక్కువమందికి ఉంటే మిగతావాళ్ళకి ఎంఆర్ యాంజియో తీయించమంటాం, ఒక్కరికే ఉంటే అందరికీ మామూలుగా చెప్పం. అయితే ఆయన రోజుకో ప్యాకెట్ సిగరెట్ తాగుతాడు, అక్కడే బీపీ చూస్తే 160/100 ఉంది. సిగరెట్టూ బీపీ రెండూ అన్యూరిజం పెరగడానికీ పగలడానికీ దారి చేసేవే కాబట్టి స్కాన్ కంటే ముందు ఆ రెండింటి పని పట్టాలని చెప్పి, ఇంట్లో వారం రోజులు బీపీ రాసుకుని అక్క చెకప్ రోజే తనూ చూపించుకునేలా చీటీ రాసిచ్చాను.